గుక్కెడు నీళ్లు, ఒక్క మాట

మా అత్తమ్మకు ఇప్పుడు రోజుకు రెండే గ్లాసుల నీళ్లు. మాత్రలు మింగడానికీ, అన్నం తిన్నాక గొంతు తడుపుకోవడానికీ, ఎండకీ, దగ్గుకీ అన్నిటికీ కలిపి రెండే. కిడ్నీలు చెడిపోయాక డాక్టరు పెట్టిన హద్దు అది. వారానికి మూడు రోజులు పొద్దున్నే నల్లగొండ దవాఖానలో ఆమెను డయాలసిస్ మిషను పక్కన పడుకోబెడతారు. నేను స్టూలు మీద కూర్చుంటాను. ఆమె మా బాపుకు అక్క. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నేను ఇక్కడే ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను కాబట్టి నా కిరాయి గదిలో నాతోనే ఉంటోంది.

ఈ మధ్య ఒకరోజు మిషను మీద ఉండగానే, "ఒక్క గుక్క పొయ్యవే, నాలిక పిడసగట్టుకపోతాంది" అంది. పొద్దటి గ్లాసు అప్పటికే అయిపోయింది. రెండోది సాయంత్రానికి. "ఇయ్య" అన్నాను.

"ఇయ్యవానే, బద్మాష్ దానా" అని నవ్వింది.

ఆ తిట్టు ఆమెది కాదు, మా అవ్వది, అంటే మా నాయనమ్మది. అదే గొంతు, అదే నవ్వు. ఆ తిట్టు విని పదేళ్లు దాటింది. అవ్వతో నేను చివరిసారి "ఇయ్య" అన్నది కూడా నీళ్ల గురించే.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆ మాట పుట్టించినవాళ్లెవరో చిన్న చిన్న పాపాలు చేసినవాళ్లయి ఉంటారు. నాది చెప్పుకోవడానికి నోరు రాక పదేళ్లకు పైగా కడుపులో పెట్టుకున్నాను.

మా ఊరు రామన్నపేటకు దగ్గర. అప్పటికి కొత్త రాష్ట్రం వచ్చి ఏడాది కావస్తోంది, గోడల మీద ఉద్యమం నాటి రాతలు ఇంకా చెరగలేదు. మా వాడలో ఇంటింటికీ మగ్గం ఉండేది. మా ఇంటి ముందుగదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి బాపు నేసేవాడు. పొద్దున కళ్లు తెరిచేసరికి పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు వినబడేది. ఆ చప్పుడు ఆగిందంటే పోగన్నా తెగి ఉండాలి, బాపు చాయ్ అన్నా తాగుతూ ఉండాలి. ఇల్లంతా గంజి వాసన, రంగు వాసన, వాటి మీద మళ్లీ అవ్వ నమిలే ఆకువక్క వాసన. నా పుస్తకాల సంచికి కూడా అదే పట్టేది. బడిలో పిల్లలు "గంజి సంచి" అని వెక్కిరిస్తే ఇంటికొచ్చి అవ్వ మీద అరిచేదాన్ని. ఇప్పుడు ఆ వాసన ఎక్కడన్నా తగులుతుందేమోనని చీరల దుకాణాల్లో ఊరికే చీర తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను.

తగలదు. మగ్గం గుంటలో ఇసుక పోసి పైన బండలు పరిచారు. కట్టెలు ఎవరికో పోయాయి. బాపు ఇప్పుడు మేళ్లచెరువులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు, అమ్మ కూడా అక్కడే. సిమెంటు దుమ్ముకు దగ్గుతూ ఫోనులో, "మగ్గమే నయముండె బిడ్డా" అంటాడు. నేస్తున్న రోజుల్లో, "గీ గుంటల నుంచి ఎన్నడు బయట పడ్తనో" అనేవాడు.

అవ్వ మా ఇంట్లో అందరికీ అవ్వే. బాపుకూ అత్తమ్మకూ తల్లి, నాకు నాయనమ్మ. పిలుపు మాత్రం ముగ్గురిదీ ఒకటే. మా దిక్కు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగీ తాగీ ఆమె నడుము సగానికి వంగిపోయింది. వంగిన మనిషి వంగినట్టే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఊళ్లోకి ఫిల్టరు నీళ్లు వచ్చాక కూడా, "గవి సప్పగుంటయి, తాగినా దూప తీరది" అని మూలనున్న రంజనులో బోరు నీళ్లే పోయించుకుని తాగేది. ఎండాకాలం ఆ మట్టి రంజను చుట్టూ తడిబట్ట కట్టడం నా పని.

అవ్వకూ నాకూ ఒక ఆట ఉండేది. ఆమె ఆకువక్క డబ్బా ఎత్తుకుపోయి వెనక దాచుకుని, "కథ చెప్తేనే ఇస్త" అనేదాన్ని.

"ఇయ్యే, నోరు చేదైతాంది."

"ఇయ్య. చెప్తేనే."

"బద్మాష్ దానా" అని తిట్టి, నవ్వి, మొదలుపెట్టేది. "ఒకూర్ల ఒక ముసల్ది ఉండె." ఆమె కథలన్నిటికీ అదే మొదలు. ఆ ముసలిది ఒకసారి దొంగలను మగ్గం గుంటలో పడేస్తుంది, ఒకసారి పటేలు మీసానికి పోగు కట్టి ఊరంతా తిప్పుతుంది. ఎప్పుడూ ముసలిదే గెలుస్తుంది. కథ పూర్తయ్యాకే నేను డబ్బా ఇచ్చేదాన్ని. డబ్బాతోనే కాదు, అమ్మ కాల్చిన సర్వపిండిలో మాడిన అంచు ముక్క దొరికినా ఇదే ఆట. పళ్లు లేని మనిషికి అంచు ముక్క ఎందుకో నాకు తెలిసేది కాదు. చప్పరించడానికట.

అత్తమ్మ ఇల్లు వెనక వాడలో. మొగుడు పోయిన ఏడాది ఆమెకు పెద్ద జబ్బు చేస్తే, పక్కింటామె చేయి పట్టుకుని రేకుల షెడ్డులో ఉన్న చర్చికి తీసుకెళ్లింది. జబ్బు తగ్గింది, అత్తమ్మ అక్కడే నిలిచిపోయింది. బాపు ఆర్నెల్లు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గానీ, బొట్టు లేని అక్క ముఖం చూసినప్పుడల్లా పోగు తెగినవాడిలా చిరాకుపడేవాడు.

పెత్రమాస వస్తే అసలు చిక్కు. మా దిక్కు ఆ అమావాస్య నాడు చనిపోయిన పెద్దలకు పెట్టుకుంటారు. గారెలు, గుమ్మడికాయ కూర, పచ్చిపులుసు చేసి, పెద్దల పటాల ముందు ఆకులో పెట్టి, ఊదు వేసి, నీళ్లు వదిలి, వాళ్ల పేర్లు చెప్పి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు తినాలి. అలా పెట్టింది అత్తమ్మ తినకూడదు. మొదటి ఏడు అవ్వ గారెల గిన్నె పట్టుకుని వెనక వాడకు పోతే, "వద్దవ్వా, గవి పెట్టిన గారెలు" అని అత్తమ్మ తల వంచుకుంది. అవ్వ గిన్నె వెనక్కి తెచ్చి, ఆ పూట ఏమీ తినలేదు.

మరుసటి ఏడు అవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. గారెలు గోలించగానే, పెద్దలకింకా పెట్టకముందే, నాలుగు తీసి గురుగులో పెట్టి మూత వేసింది. "నువ్వు పొయ్యి ఇచ్చి రా. ముందుగాల తీసినయని చెప్పు. మీ తాత ఇంకా సూడనే లేదని చెప్పు" అని నన్ను పంపింది.

అమ్మ నోరు నొక్కుకుంది. "పెద్దలకంటె ముందుగాల తీస్తరా అత్తా?"

"వాళ్లు సచ్చిపోయినోళ్లు, జర ఆగుతరు. నా బిడ్డ బతికున్నది" అంది అవ్వ.

అత్తమ్మ ఆ గారెలు గడప మీదే కూర్చుని తింది. తింటూ ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలియక, "ఉప్పెక్కువైందా అత్తమ్మా?" అని అడిగాను.

కొత్త రాష్ట్రం వచ్చాక మొదటి ఎండాకాలం అవ్వకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క చచ్చుపడింది, మాట ముద్దముద్దగా వచ్చేది. నవారు మంచం మగ్గం పక్కన వేశారు, నాడె చప్పుడు వినబడకపోతే ఆమెకు నిద్ర పట్టదని. బడికి సెలవులు కాబట్టి పగలంతా ఆమె దగ్గర నేనే.

సాయంత్రాలు అత్తమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. తల్లి ఎక్కువ కాలం ఉండదని ఆమెకు తెలిసింది. చావు కంటే ఆమెను ఎక్కువ తినేసిన దిగులు వేరే ఉంది. వాళ్ల చర్చిలో చెప్పే ఒక ధనవంతుడి ముచ్చట ఆమె ఆ రోజుల్లో పదేపదే చెప్పేది. బతికినన్నాళ్లూ కడుపునిండా తిని, గుమ్మంలో పడున్న బీదవాడికి మెతుకు విదల్చనివాడు, చచ్చి మంటల్లో పడ్డాడు. పైన ఆ బీదవాడు చల్లగా కూర్చుని కనబడితే, వాడి వేలు తడిపి నా నాలుక మీద ఒక్క చుక్క వేయించండని బతిమాలాడు. ఆ ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు. మధ్యలో అగాధం ఉంది, ఇటువాళ్లు అటు పోలేరు, అటువాళ్లు ఇటు రాలేరు.

"పాణం పోయినంక ఏం లేదవ్వా. తలుపు మూసినట్టే. ఉన్నప్పుడే ఒక్కసారి ఆయన పేరు తలుసుకో. గంతే. ఇంకేం చెయ్యకున్నా నడుస్తది" అని బతిమాలేది.

అవ్వ ఒక పక్క నోటితో నవ్వేది. "మీ నాయిన యాడున్నడు?"

అత్తమ్మ అవ్వ కాళ్లు ఒత్తసాగింది.

"ఆడికే పోత. ఆయనొక్కడే ఏం తింటడో ఏమో" అంది అవ్వ.

బాపు గుంటలోంచి అరిచాడు. "అక్కా, దాన్ని జర సుకంగ సావనియ్యి. గిప్పుడేం ముచ్చట్లే గవి?"

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. నేనూ వెనకే పోయాను. నూలుకు రంగు వేసే రంగు గోళెం పక్కన నిలబడి ఏడుస్తోంది. రెండు రోజుల్లో పాలమూరు దిక్కున జరిగే సభలకు చర్చివాళ్లందరితో కలిసి పోవాలి, మూడు రోజులు ఊళ్లో ఉండదు. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వంటె అవ్వకు పాణం. నేనడిగితె నవ్వుతది, నువ్వడిగితె అంటది. నేను లేనప్పుడు జర కష్టమైతె నువ్వు అడుగు బిడ్డా. 'యేసయ్యా' అను అవ్వా అని. ఒక్క మాటనే. సిలువ మీద పక్కన దొంగ ఉండె, వాడు సుత ఆఖరుకు ఒక్క మాటతోని పోయిండు. మా అవ్వ దొంగకంటె అన్యాయమా? అడుగుతవా?"

"అడుగుత" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

నిజం చెప్పాలంటే నాకు యేసయ్య మీద భక్తి లేదు, భయం లేదు. నా భయమంతా ఆ చుక్క నీళ్ల మీద. రంజను పక్కన లేకపోతే నిద్రపోని మా అవ్వ, ఆ మంటల్లో నాలుక బయటపెట్టి నీళ్లడుగుతుంటే ఎవరూ ఇవ్వరా? రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

అత్తమ్మ పోయిన మర్నాడు మధ్యాహ్నం. బాపు నూలు తేవడానికి పోయాడు. అమ్మ ఫిల్టరు నీళ్ల కోసం క్యాను పట్టుకుని పోయింది. రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. అవ్వ కళ్లు తెరిచి, "దూప" అంది.

రంజనులోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చాను. అప్పటికే ఆమె ఊపిరి వేరే రకంగా ఉంది, లోపలికి పోవడం వినబడుతోంది గానీ బయటికి రావడం వినబడటం లేదు. అత్తమ్మ చెప్పిన కష్టం ఇదేనని నాకు అర్థమైంది. చెంబు వెనక్కి తీసుకున్నాను.

"అవ్వా, యేసయ్యా అను. అంటేనే ఇస్త."

ఆమె నా వైపు చూసింది. "నీళ్లు" అంది.

"ఇయ్య. ఒక్కసారి అను. ఒక్క మాటనే అవ్వా, అను, ఇస్త."

ఇప్పుడు నీళ్లివ్వకపోతే అక్కడ నీళ్లుంటాయని నేను అనుకున్నాను. ఇట్లా చెబుతుంటే నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టుంది. కానీ ఇంకోటి కూడా ఉంది, అది చెప్పకపోతే చెప్పినట్టు కాదు. ఆ ఆటలో నేను ఎప్పుడూ ఓడలేదు. ఆమె చెప్పేదాకా ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ మొండితనం కూడా నా చేతిలో ఉంది ఆ రోజు.

అవ్వ నోరు ఒక పక్కకు కదిలింది. నవ్వబోయింది. ఆమె అది ఆటే అనుకుంది. మనవరాలు ఎప్పటిలాగే కథ అడుగుతోంది, చెబితే నీళ్లిస్తుంది. ఊపిరి కూడగట్టుకుని, "ఒకూర్ల..." అంది.

తర్వాతి మాట రాలేదు.

"చెప్పినవ్ గదా అవ్వా, తాగు" అని చెంబు ఆమె నోటికి పెట్టాను. పోసిన నీళ్లు లోపలికి పోలేదు. పెదవి మూలనుంచి కారి, చెవి కిందికి పోయి, దిండు తడిసింది. మళ్లీ పోశాను. చెంబంతా పోశాను.

క్యాను చంకన పెట్టుకుని వచ్చిన అమ్మ, తడిసిన దిండునూ నా చేతిలో ఖాళీ చెంబునూ చూసింది. క్యాను కింద పెట్టి నా తల నిమిరింది. "నీళ్లు పోసినవా బిడ్డా? తాగిందా?"

"తాగింది" అన్నాను.

మా దిక్కు పోయేవాళ్ల నోట్లో నీళ్లు పడటం ఎంత పెద్ద సంగతో తెలిసినవాళ్లకు తెలుసు. బాపు ఏడుస్తూనే వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. "నా బిడ్డ చేతుల నీళ్లు తాగి పోయింది మా అవ్వ. గదొక్కటి సాలు నాకు." నన్ను చూపించి మరీ చెప్పేవాడు. వాడంతా నన్ను దగ్గరికి తీసుకుంది.

కబురందుకుని అత్తమ్మ సాయంత్రం బస్సుకు దిగింది. తల్లి మీద పడి ఏడ్చాక, నన్ను రంగు గోళెం దగ్గరికి లాక్కుపోయింది.

"అడిగినవా?"

"అడిగిన."

"అన్నదా?"

ఆ ముఖం చూస్తూ లేదనడానికి నాకు నోరు రాలేదు. పైగా అప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను, రెండోది తేలిక. "అన్నది" అన్నాను.

"ఎట్ల? ఎట్లన్నది?"

"యేసయ్యా, అన్నది. చిన్నగ."

అత్తమ్మ ఉన్నచోటే కూలబడి, నా నడుము చుట్టూ చేతులు వేసి, నా కడుపులో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అది సంతోషం. ఆ సంతోషం చూసి నాకు వాంతి వచ్చింది. నిజంగానే గోళెం పక్కన కక్కుకున్నాను. ఎండదెబ్బ అన్నారు.

మూడో నాడు పిట్టకు పెట్టారు. ఊరి బయట ఆకులో అన్నం, గారెలు, కల్లు, ఆమెకిష్టమైన ఆకువక్క, దొప్పలో నీళ్లు. పెట్టిన దాన్ని కాకి ముడితే పోయినవాళ్లకు తృప్తి అయినట్టు. కాకులు చెట్టు మీద కూర్చుని అరుస్తున్నాయి, ఒక్కటీ దిగదు. ఎండ నెత్తికెక్కింది. పెద్దాయన ఒకాయన, "ఏదో కోరిక మిగిలింది ముసల్దానికి. ఏందో యాది చెయ్యిండ్రి" అన్నాడు.

"ఏం కోరిక ఉంటదే కాకా? నా బిడ్డ చేతుల నీళ్లు తాగి పాయె" అన్నాడు బాపు.

నేను బాపు వెనక్కి జరిగి నిలబడ్డాను. చివరికి ఒక కాకి వచ్చి గారె ముక్క ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నీళ్ల దొప్ప వైపు అది కనీసం చూడలేదు. అది గమనించింది నేనొక్కదాన్నే.

ఆ ఆదివారం అత్తమ్మ నన్ను చర్చికి తీసుకుపోయింది. అమ్మ వద్దనలేదు. రేకుల షెడ్డులో నిలబడి అత్తమ్మ సాక్ష్యం చెప్పింది. మా అవ్వ ఆఖరు గడియల్లో ప్రభువు పేరు తలచిందని, రక్షణ దొరికిందని, మళ్లీ చూస్తానని చెప్పింది. "గీ పిల్లనే సాక్షి" అని నా తల మీద చెయ్యి వేసింది. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. ఆ చప్పట్లు నా కోసం కూడా కొట్టారు.

అందరూ పోతున్నప్పుడు పాస్టరయ్య దగ్గరికి పోయాను. మెత్తటి మనిషి, పిల్లలను కూడా కసురుకునేవాడు కాదు. "అయ్యా, సచ్చిపోయినంక నమ్ముకుంటె నడుస్తదా?" అని అడిగాను.

ఆయన నా ఎత్తుకు వంగాడు. "నడవది బిడ్డా. ఏదైనా గీ పక్కన ఉన్నప్పుడే."

"ఎవరన్న మనిషి తరుపున ఇంకొకరు అంటె?"

"ఎవరి మాట వాళ్లే అనాలె. ఎవరి గురించి అడుగుతున్నవ్?"

"ఊకనే."

"నాకు తెలిసింది గింతే బిడ్డా. ఆ పక్క సంగతి ఆయన చేతిల ఉంటది. ఆయన మనకంటె మంచోడు" అన్నాడు. ఆ చివరి మాట ఆ రోజు నా చెవికెక్కలేదు. "నడవది" అన్నది ఒక్కటే ఎక్కింది.

ఆ తర్వాత ఆ ఎండాకాలమంతా రోజూ పిట్టగోడ మీద చెంబుతో నీళ్లు పెట్టాను. పిచ్చుకలకని అమ్మ అనుకుంది. బడి తెరిచాక వారం రోజులు పెట్టాను. తర్వాత మరిచిపోయాను. ఒక మనిషి దాహం నా వల్ల తీరలేదని తెలిసి కూడా, కొత్త పుస్తకాలు రాగానే మరిచిపోయాను. అన్నిటికంటే నాకు సిగ్గేసేది దానికే.

ఈ మధ్య, అత్తమ్మ నన్ను బద్మాష్ దానా అన్న రోజే, పక్క మంచం మీది కథోలికామెతో ఆమెకు వాదన పడింది. ఆ వార్డులో నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి, మాటలే కాలక్షేపం.

"మేం సచ్చినోళ్ల కోసం సుత ప్రార్థన చేస్తం. పూజ పెట్టిస్తం, కొవ్వొత్తి ముట్టిస్తం. వాళ్లకు ముడుతది" అందామె.

"ముట్టది వదినా. పాణం పోయినంక లెక్క అయిపోయినట్టే" అంది అత్తమ్మ.

"మీ అమ్మ కోసం ఎన్నడు చెయ్యలేదా?"

"మా అవ్వకు అవసరం లేదు. ఆమె ఆయన పేరు తలుసుకొనే పోయింది. గిదో, గీ పిల్లనే సాక్షి." పదేళ్లు దాటినా అదే మాట, అదే గర్వం. "ఇగ నాకెంత దూరం. పోంగనే మా అవ్వను పట్టుకొని అడుగుత, ఏమన్నవే అవ్వా, ఎట్లన్నవే, నా చెవుల పడాలె, మళ్లొక్కసారి అను అని."

పక్కామె నవ్వింది. నేను స్టూలు మీంచి లేచి వార్డు బయటికి పోయాను.

ఆ సాయంత్రం గదిలో, ఆమెకు రెండో గ్లాసు చేతికిచ్చి, ఆమె తాగడం పూర్తయ్యేదాకా ఆగి చెప్పాను. మొత్తం చెప్పాను. చెంబు వెనక్కి తీసుకున్నదీ, ఆటా, తడిసిన దిండూ.

అత్తమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టింది. "మరి ఏమన్నది?"

"ఒకూర్ల, అన్నది."

ఆమె ముఖంలో ఒక క్షణం నవ్వు లాంటిది కదిలింది. తల్లి కథలు ఆమె కూడా వినే పెరిగింది. తర్వాత యేసయ్య గురించి అడుగుతుందని నేననుకుంటే, ఆమె అడిగింది వేరు. "నీళ్లు తాగిందా?"

"లేదు."

గోడవైపు తిరిగి పడుకుంది. రెండు డయాలసిస్‌లకు పోయి వచ్చాం, నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆటోలో చెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. మూడో డయాలసిస్ రోజు పొద్దున తనే అంది. "మీ బాపుకు చెప్పకు. వానికి గదొక్కటే మిగిలింది."

"చెప్ప."

"పెత్రమాస ఎప్పుడు?"

నేను తెల్లబోయాను. ఇన్నేళ్లలో ఆ పేరు ఆమె నోట రాలేదు. "వచ్చే అమావాస్య" అన్నాను.

పెత్రమాస రోజు నేను బాపు దగ్గరికి పోలేదు. ఆయన తన ఫ్యాక్టరీ గదిలోనే తల్లికి పెట్టుకున్నాడు. నేను పొద్దున్నే అత్తమ్మ గ్లాసు నింపి చేతికివ్వబోతే వద్దంది. "ముందుగాల సగం తీయి. నేను ముట్టక ముందుకే తీయి. మా అవ్వకు."

"నీకు తక్కువైతయి అత్తమ్మా."

"నేను బతికున్న, జర ఆగుత. పాస్టరయ్యకు తెల్వనియ్యకు. నేను మొక్కుతలేను, ఏం జేస్తలేను. సచ్చినోళ్లకు ముట్టదంటరు, ముట్టకపోతె పోనీ. ఉత్త నీళ్లే గదా. తీస్కపొయ్యి పొయ్యి."

సగం నీళ్లు చిన్న చెంబులో వంచుకుని మేడ మీదికి పోయాను. నీళ్ల ట్యాంకుల మధ్య, ఎవరివో ఆరేసిన బట్టల కింద నిలబడ్డాను. ఏం అనాలో తెలియలేదు. ఏమీ అడగకుండా, ఏ మాటా చెప్పించుకోకుండా పోయడం ఒక్కటే నా చేతిలో ఉంది. పిట్టగోడ మీద సన్నగా వంచాను. ఎండకు కాలిన సిమెంటు ఆ నీళ్లను చూస్తుండగానే పీల్చుకుంది. కాకి ఏదీ రాలేదు.

కిందికి దిగేసరికి అత్తమ్మ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. "తాగిందా?" అంది.

తాగింది అనడం నాకు బాగా అలవాటైన మాట. నోటి దాకా వచ్చింది.

"తెల్వదు అత్తమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. మిగిలిన సగం గ్లాసు అందుకుని, తాగకుండా చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది.